పొగమంచు దారిలో సేవ, సిమ్రన్

డిసెంబర్ నడిమి నుంచి జనవరి నడిమి వరకు మనకు పోహ్ మాసం. ఈ నెలలో మన కుటుంబాలు ఎక్కువగా దారి మీదే ఉంటాయి. సాహిబ్‌జాదాల షహీదీ దినాలు, దశమ పాత్‌షాహ్ గురుపురబ్ ఈ చలికాలంలోనే వస్తాయి. హైదరాబాద్, నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్ వైపు ఉన్న మన బస్తీల నుంచి ఎందరో నాందేడ్‌లోని హజూర్ సాహెబ్‌కు బండ్లు కట్టుకొని పోతారు. కొందరు బీదర్‌లోని నానక్ ఝీరా సాహెబ్‌కు పోతారు. ఇవి కాక రోజూ చేసే కిరత్ ఉండనే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో ట్రాలీ ఆటోలో ఇనుప సామాను వేసుకొని సంతకు బయలుదేరేవారు, బైకు వెనుక తాళాలు, జల్లెడలు, బాణళ్లు కట్టుకొని ఊర్లు తిరిగేవారు, గ్రిల్లు పని ఒప్పుకొని కడ్డీలు మోసుకుపోయేవారు మనలో చాలామంది.

ఇదే నెలలో దారి మీద మంచు దిగుతుంది. బండి సెల్ఫ్ తీసుకోదు. అద్దం మీద ఆవిరి పడుతుంది. ఎదుటి మనిషి కనిపించడు. ఇవి చిన్న కష్టాలే. కానీ మనిషి విశ్వాసం ఎంత గట్టిదో, మనసు ఎంత మెత్తనిదో తెలిసేది ఇలాంటి చిన్న కష్టాలలోనే. గురుద్వారాలో కూర్చున్నప్పుడు అందరం శాంతంగానే ఉంటాం. చలిలో, చీకట్లో, ఆగిపోయిన బండి పక్కన నిలబడ్డప్పుడు మనం ఎలా ఉంటామన్నదే ఈ పాఠం.

1. పోహ్ చలిలో గురువు ప్రయాణం

ముందుగా చరిత్రను తలచుకుందాం. ఇలాంటి పోహ్ మాసంలోనే గురు గోబింద్ సింగ్ జీ ఆనంద్‌పుర్ సాహెబ్ కోటను విడిచి బయలుదేరారు. రాత్రి వేళ, చలి, వాన. ఎదురుగా పొంగుతున్న సరసా వాగు. వెనుక నుంచి తరుముతున్న సైన్యం. ఆ వాగు దాటేటప్పుడే గురు పరివారం విడిపోయింది. పెద్ద సాహిబ్‌జాదాలు బాబా అజీత్ సింగ్, బాబా జుఝార్ సింగ్ చమ్‌కౌర్ యుద్ధంలో షహీదులయ్యారు. మాతా గుజ్రీ జీతో ఉన్న చిన్న సాహిబ్‌జాదాలు బాబా జోరావర్ సింగ్, బాబా ఫతేహ్ సింగ్ పట్టుబడి సర్‌హింద్‌లో బందీలయ్యారు. వారిని ఉంచిన చోటు పేరు ఠండా బుర్జ్. ఎండాకాలంలో చల్లగాలి తగలాలని కట్టిన బురుజు అది. పోహ్ మాసంలో అక్కడ ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఆ చలిలో మోతీ రామ్ మెహ్రా అనే సేవకుడు ప్రాణానికి తెగించి వారికి పాలు అందించాడని మన పెద్దలు చెబుతూ వచ్చారు.

ఇదిలా ఉండగా గురు సాహెబ్ చమ్‌కౌర్ నుంచి ఒంటరిగా మాఛీవాడా అడవికి చేరారు. అక్కడ ఆయనను కాపాడినవారు ఎవరు? నబీ ఖాన్, గనీ ఖాన్ అనే ఇద్దరు పఠాన్ అన్నదమ్ములు. వాళ్లు గుర్రాల వ్యాపారులు, ముస్లింలు. గురువు గారికి నీలి దుస్తులు వేయించి, ఉచ్ నుంచి వచ్చిన పీర్ అని చెప్పి, పల్లకిలా మోసుకొని సైన్యం నడుమ నుంచి దాటించారు. దొరికితే తల పోతుందని వాళ్లకు తెలుసు. అయినా భుజం పెట్టారు. తరువాత వారి సేవను మెచ్చుకొని గురు సాహెబ్ హుకమ్‌నామా రాసిచ్చారు.

ఈ చరిత్రలో మన పాఠానికి కావలసినవి రెండు మాటలు. ఒకటి, చలిలో చిక్కుకున్న మనిషికి సాయం చేయడం గురు ఘరానికి ఎంతో ప్రియమైన పని. రెండు, గురు సాహెబ్ కూడా ఒక చలికాలంలో బాటసారిగా ఉండి, వేరే మతం వారి భుజం మీద చేరవలసిన చోటికి చేరారు. అందుకే దారిలో కనబడే ఏ మనిషినీ మనం పరాయివాడని అనుకోలేము.

2. హుకమ్ అంటే అజాగ్రత్త కాదు

మన బస్తీలలో ఒక మాట తరచు వినిపిస్తుంది. "రాసిపెట్టింది జరుగుతుంది, అంతా వాహెగురు హుకమ్" అంటారు. ఈ మాట నిజమే. కానీ వెనుక లైటు లేని ట్రాలీ తోలుతూ ఈ మాట అనడం సరి కాదు. హుకమ్‌ను ఒప్పుకోవడం అంటే మన చేతిలో ఉన్న పనిని చేసి, మన చేతిలో లేనిదాన్ని వాహెగురుకు అప్పగించడం. మంచు కురవడం మన చేతిలో లేదు. లైటు బిగించడం మన చేతిలోనే ఉంది.

గురు సాహెబ్ అర్దాస్ చేశారు, కోట గోడలు కూడా కట్టారు. సిమ్రన్ చేశారు, కత్తికి పదును కూడా పెట్టించారు. ఆ కత్తులు చేసిన పనితనమే మన పెద్దల వృత్తి. కాబట్టి అర్దాస్, ప్రయత్నం ఒకదానికొకటి ఎదురు కావని మనకంటే బాగా తెలిసినవారు ఉండరు.

ఇంకొక మాట. బండి ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టడం, చక్రాల కింద నిమ్మకాయ తొక్కించడం, గుమ్మడికాయ పగలగొట్టడం చుట్టుపక్కల చూసి మనలోనూ కొందరు చేస్తున్నారు. గుర్మత్‌లో వీటికి చోటు లేదు. అలాగే అద్దం మీద ఖండా స్టిక్కర్ అంటించుకుంటే బండికి ఏమీ కాదని అనుకోవడం కూడా అలాంటిదే. ఖండా మన గుర్తు, తాయెత్తు కాదు. అద్దం మీద ఖండా ఉన్న బండి దారి మీద మర్యాదగా నడవాలి. ఎందుకంటే జనం ఆ బండిని చూసి మన పంథ్‌ను అంచనా కడతారు.

బయలుదేరే ముందు నిలబడి అర్దాస్ చేయండి. చేసిన తరువాత బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. రెండూ కలిపితేనే మన ప్రయాణం మొదలైనట్టు.

3. బండికి సిక్లీ, మనసుకు సిక్లీ

సిక్లీగర్ అన్న పేరు "సైకల్" అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. మెరుగు పెట్టడం అని దానికి అర్థం. తుప్పు వదిలించి, ఇనుము ముఖం చూపేలా చేసేవాడు సిక్లీగర్. ఈ పని మన రక్తంలో ఉంది. చలికాలంలో ఇదే పనిని బండికి చేద్దాం.

అద్దం: ముందు అద్దాన్ని బయటా లోపలా తుడవండి. లోపలి అద్దం మీద పట్టే ఆవిరి మన ఊపిరి తేమే. చల్లని అద్దాన్ని తాకి అది నీటి పొరగా మారుతుంది. కిటికీ కొంచెం దించి ఉంచితే తగ్గుతుంది. ఏసీ ఉన్న బండిలో గాలిని అద్దం మీదికి తిప్పితే త్వరగా పోతుంది. నడుపుతూ చేత్తో తుడిస్తే మరకలు పడి ఎదుటి లైటు చెదిరి కనిపిస్తుంది.

లైట్లు: ముందు లైట్లు ఎంత ముఖ్యమో వెనుక లైట్లు అంతకంటే ముఖ్యం. ముందు లైటు మనం చూడటానికి. వెనుక లైటు ఇతరులు మనల్ని చూడటానికి. మనవారి ట్రాలీ ఆటోలలో వెనుక లైటు సామాను కింద మూసుకుపోవడం చాలా చోట్ల చూస్తున్నాం. సామాను కట్టాక వెనక్కి పది అడుగులు నడిచి, లైటు కనబడుతుందో లేదో చూడండి. ఎరుపు రేడియం స్టిక్కర్ వెనుక వైపు, పసుపుది పక్కల అంటించండి. దాని ఖర్చు ఒక పూట చాయ్ ఖర్చుకు మించదు.

ఇనుప కడ్డీలు: ఇది మన వృత్తి వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. కడ్డీలు, పైపులు, రేకులు బండి బాడీ దాటి బయటికి పొడుచుకు రాకూడదు. చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. మంచులో వెనుక వచ్చే బైకు మనిషికి ఆ కడ్డీ చివర కనబడదు. కనబడేసరికి అతని ఛాతీ దగ్గర ఉంటుంది. పొడవు తగ్గించి కోయించుకోండి, లేదా పొడవైన బండి మాట్లాడుకోండి. కిరాయి నాలుగు వందలు ఎక్కువ కావచ్చు. మన కిరత్ వల్ల ఇంకొకరి ఇంట్లో దీపం ఆరిపోతే ఆ సంపాదన పవిత్రమైన కిరత్ ఎలా అవుతుంది?

బ్యాటరీ: చలికి బ్యాటరీ లోపలి రసాయన పని మందగిస్తుంది. అందుకే పాత బ్యాటరీ తెల్లవారుజామున మొరాయిస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు లైట్లు, పాటల పెట్టె ఆపి ఉంచండి. సెల్ఫ్‌ను ఒకేసారి నొక్కి పట్టుకోకుండా, కొన్ని సెకన్లు ఆగి ఆగి నొక్కండి. బైకు అయితే కిక్ కొట్టండి.

ఇక మనసు సంగతి. సెల్ఫ్ తీసుకోని బండి ముందు నిలబడ్డప్పుడు నోటి నుంచి ఏ మాట వస్తుంది? బండిని తిట్టడమా, పక్కన ఉన్న కొడుకును కసరడమా, వాహెగురు పేరా? ఇనుముకు తుప్పు ఎలాగో మనసుకు విసుగు అలాగ. రోజూ కొంచెం రుద్దితేనే పోతుంది. నిత్‌నేమ్ చేసేది ఆ రుద్దడం కోసమే. బండి వేడెక్కే రెండు మూడు నిమిషాలు మూల్ మంత్రం మనసులో అనుకోండి. ఆలస్యం ఎలాగూ అయింది. ఆ సమయాన్ని సిమ్రన్‌గా మార్చుకోవచ్చు.

4. కనబడని దారిలో నడక

వాతావరణ శాఖ లెక్క ప్రకారం 1000 మీటర్లకంటే తక్కువ దూరం కనబడితే అది పొగమంచు. 200 మీటర్లకు లోపు అయితే దట్టమైన మంచు, 50 మీటర్లకు లోపు అయితే అతి దట్టమైన మంచు. ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట ఆగి ఉన్న లారీని చూసి, మెదడుకు తోచి, కాలు బ్రేకు మీద పడేలోపే ఆ 17 మీటర్లు అయిపోతాయి. బ్రేకు పట్టాక బండి నిలవడానికి ఇంకా దూరం కావాలి. తడి రోడ్డు మీద, బరువుతో ఉన్న ట్రాలీకి మరీ ఎక్కువ కావాలి. 50 మీటర్లు మాత్రమే కనబడే చోట 60 వేగం అంటే కళ్లు మూసుకొని నడపడమే. కనబడే దూరంలో సగం లోపు బండి ఆగేటంత వేగమే సరైన వేగం.

ఇంకా కొన్ని మాటలు గుర్తుంచుకోండి.

హై బీమ్ వేయకండి. ఆ వెలుగు మంచు బిందువులకు తగిలి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. ఎదుట తెల్లని గోడ లేచినట్టు ఉంటుంది. లో బీమ్ కిందికి పడి రోడ్డును చూపిస్తుంది.

నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు ఒక్కసారి వేయకండి. మీరు ఆగారో, తిరుగుతున్నారో వెనుకవారికి తెలియదు. అవి ఆగిన బండికి.

రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్ల గీతను చూసుకుంటూ నడపండి. ముందు పోయే లారీ వెనుక లైటును నమ్ముకొని దాన్ని అంటిపెట్టుకొని పోకండి. అది గుంతలోకి పోతే మీరూ పోతారు.

మన తెలంగాణ దారులకు ఇంకొన్ని చిక్కులు ఉన్నాయి. వానాకాలం పంట కోతల తరువాత చాలా ఊర్లలో వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు. కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో బైకు ఆ రాళ్లకు తగిలితే మనిషి ఎగిరి పడతాడు. జహీరాబాద్, బీదర్ వైపు చెరకు సీజన్ ఇదే. చెరకు నింపిన ట్రాక్టర్లు, ఎడ్ల బండ్లు లైటు లేకుండా రాత్రి పూట నడుస్తాయి. సంగారెడ్డి నుంచి దేగ్లూర్ మీదుగా నాందేడ్ పోయే దారిలో ఈ రెండూ ఎదురవుతాయి. ఎంత త్వరగా దర్శనం చేసుకోవాలని ఉన్నా, వీలైతే పొద్దు పొడిచి మంచు విడిచాక బయలుదేరండి. హజూర్ సాహెబ్ ఎక్కడికీ పోదు. మనం అక్కడికి క్షేమంగా చేరాలి.

బైకుల విషయం కూడా చెప్పుకోవాలి. తలపాగా కట్టుకున్న సిక్కులకు హెల్మెట్ నుంచి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అది తలపాగాకు ఇచ్చిన గౌరవం. తలపాగా లేనివారికి ఆ మినహాయింపు వర్తించదు. వెనుక చున్నీతో కూర్చున్న భార్యకు, నాలుగేళ్లు దాటిన పిల్లలకు రక్షణ సంగతి ఇంట్లో అందరూ కూర్చొని ఆలోచించుకోండి. బైకు మీద ముగ్గురు నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకొని తెల్లవారుజామున రోడ్డు ఎక్కకండి.

5. దారిలో పడిపోయినవారిని చూసినప్పుడు

ఆనంద్‌పుర్ యుద్ధంలో భాయీ కన్హయ్యా జీ భుజాన తోలు తిత్తితో గాయపడ్డవారికి నీళ్లు పోసేవారు. శత్రు సైనికులకు కూడా పోస్తున్నాడని కొందరు సిక్కులు గురువు గారికి ఫిర్యాదు చేశారు. గురు సాహెబ్ పిలిచి అడిగితే, ఎవరి ముఖం చూసినా తనకు గురువు ముఖమే కనబడుతోందని భాయీ జీ చెప్పారు. గురు సాహెబ్ కోప్పడలేదు. మందు, పట్టీలు ఇచ్చి, నీళ్లతో పాటు ఇవి కూడా వేయమన్నారు.

ఈ కథను మనం పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాం. దారి పక్కన పడి ఉన్న మనిషిని చూసినప్పుడు మాత్రం మన కాలు ఆక్సిలరేటర్ మీదే ఉంటుంది. ఎందుకు? మనసులో దయ లేక కాదు. భయం. బస్తీలలో మేము ఈ విషయం అడిగినప్పుడల్లా ఒకే జవాబు వచ్చింది. "మేము ఆగితే మామీదికే వస్తది. సర్దార్లే గుద్దిండ్రు అంటరు. పోలీసోళ్లు మమ్మల్నే పట్టుకపోతరు." ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మన జాతి మీద ఉన్న అనుమానపు చూపులు మనకు తెలుసు. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడము.

కానీ తెలుసుకోవలసినది ఒకటి ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకూడదని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు దేశమంతటా అమలు చేయమంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవారి మీద గాయపడిన మనిషి గురించి కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రిలో నిలిపి ఉంచకూడదు. సాక్ష్యం చెప్పడం మన ఇష్టం. ఈ మాటలు ప్రతి డ్రైవర్ వీర్జీకి తెలియాలి. చట్టం తెలిసినవాడికి భయం సగం తగ్గుతుంది. మిగిలిన సగం నిర్భవు అయిన వాహెగురును తలచుకుంటే తగ్గుతుంది.

సాయం చేసే తీరు కూడా నేర్చుకోవాలి. ముందు మీ బండిని రోడ్డు దిగి పక్కకు ఆపి, నాలుగు ఇండికేటర్లు వేయండి. మంచులో రోడ్డు నడుమ నిలబడకండి. లేకపోతే ఒకరిని కాపాడబోయి ఇద్దరం పోతాం. వెనుక వచ్చేవారికి తెలిసేలా దూరంగా చెట్టు కొమ్మలో, ఎర్ర గుడ్డో, టార్చో పెట్టండి. 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి అయితే 1033కి, ఏదీ తోచకపోతే 112కి చేయండి. గాయపడిన మనిషి మెడ, నడుము ఊరికే కదిలించకండి. రక్తం పోతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఆ పూట తలపాగా విప్పి కట్టు కట్టవలసి వస్తే, అది తలపాగాకు అవమానం కాదు. అంబులెన్స్ వచ్చేవరకు మనిషి మీద దుప్పటి కప్పి, మాట్లాడుతూ ఉండండి. చలిలో రక్తం పోయిన మనిషికి వెచ్చదనం కూడా మందే.

భయం ఇంకా ఉంటే, కనీసం ఫోన్ చేసి, చోటు చెప్పండి. అది కూడా సేవే. చూసి కూడా ఊరికే పోవడం మాత్రం మనకు తగదు.

6. సాయం తీసుకోవడమూ సిక్కీయే

ఒక జనవరిలో మేము నాందేడ్ నుంచి కొన్ని కుటుంబాలతో వ్యానులో తిరిగి వస్తున్నాం. దేగ్లూర్ దాటాక మంచు ఎంత దట్టంగా దిగిందంటే డ్రైవర్ ఇక నడపలేనన్నాడు. చిన్న ఊరు. మూసి ఉన్న ఒక చాయ్ హోటల్ ముందు ఆపాం. చప్పుడు విని హోటల్ ఆయన లేచి వచ్చాడు. వ్యానులో పిల్లలు వణుకుతుంటే చూసి, మాట్లాడకుండా పొయ్యి ముట్టించాడు. ఆయన తల్లి లోపలి నుంచి రెండు గొంగళ్లు తెచ్చి పిల్లలకు కప్పింది. ఎవరో, ఏ కులమో, ఏ మతమో అడగలేదు. తెల్లారాక డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మాలో ఒక పెద్దాయన హజూర్ సాహెబ్ నుంచి తెచ్చిన ప్రసాదం ఇస్తే, రెండు చేతులతో అందుకొని కళ్లకు అద్దుకున్నాడు.

సాయం చేయడం కంటే తీసుకోవడం కొన్నిసార్లు కష్టం. మన పౌరుషం అడ్డు వస్తుంది. "సర్దార్ ఒకరి ముందు చేయి చాచడు" అంటాం. అది బిచ్చం గురించి చెప్పిన మాట. కష్టంలో ఒక మనిషి చూపిన దయను కాదనడం గురించి కాదు. మాఛీవాడాలో గురు సాహెబ్ నబీ ఖాన్, గనీ ఖాన్‌ల భుజాన్ని కాదనలేదు. సాయం తీసుకున్నవాడికి ఎదుటివాడి మతం మీద, కులం మీద చిన్నచూపు ఉండదు. ఇంకొకరికి ఎప్పుడు తిరిగి చేద్దామా అని ఉంటుంది. లంగర్ కూడా ఇలాంటిదే. వడ్డించే చేయి, పళ్లెం పట్టిన చేయి రెండూ సంగత్‌లోనివే.

7. కోపం, హారన్, డిప్పర్

మంచులో నెమ్మదిగా పోయే బండి వెనుక ఇరుక్కున్నప్పుడు హారన్ మీద చేయి పెట్టి తీయనివారు ఉంటారు. ముందున్నవాడు పిరికివాడని తిడతారు. కానీ అతని కళ్లకు ఏం కనబడుతోందో మనకు తెలియదు. అతని బండిలో పసిపిల్ల ఉండవచ్చు. అతను రాత్రంతా నిద్ర లేకుండా ఉండవచ్చు. కామ్, క్రోధ్, లోభ్, మోహ్, అహంకార్ అనే ఐదుగురు దొంగలలో క్రోధ్‌కు దారి మీద చాలా సులభంగా చోటు దొరుకుతుంది. ఎదురుగా బండి వస్తే లైటు దించి దారి ఇవ్వండి. ఎవరైనా దారి ఇస్తే చేయెత్తి ఫతహ్ చెప్పండి. తెలియనివాడైనా నవ్వుతాడు. చలికాలపు దారిలో ఆ నవ్వు చిన్నదేమీ కాదు.

8. చలి కాచుకోవడంలో రెండు ప్రమాదాలు

మొదటిది బొగ్గుల కుంపటి. మన ఇళ్లలో కొలిమి ఉంటుంది, బొగ్గు ఉంటుంది. చలికి తట్టుకోలేక కొందరు కుంపటిని మూసిన గదిలో, లారీ క్యాబిన్‌లో, వ్యానులో పెట్టుకొని పడుకుంటారు. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి నిద్ర వస్తున్నట్టే ఉంటుంది, ఇక లేవడు. కుంపటి బయటే కాచుకోండి. పడుకునే ముందు ఆర్పండి. బండిలో పడుకుంటే ఇంజన్ ఆపి, కిటికీ కొంచెం తెరిచి పడుకోండి.

రెండోది మద్యం. "చలికి ఒక పెగ్గు" అనేవారు మన బస్తీలలోనూ ఉన్నారు. రెహత్ మర్యాద మత్తును ఒప్పుకోదు. ఒంటి సంగతి చూసినా అది అబద్ధపు వెచ్చదనమే. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా అనిపిస్తుంది, కానీ ఒంట్లోని వేడి బయటికి పోతుంది. పైగా చూపు, చేయి మందగిస్తాయి. మంచులో ఆ రెండే మనకు అవసరం.

9. ప్రభాత్ ఫేరీకి పోయేవారికి

గురుపురబ్ ముందు తెల్లవారుజామున కీర్తన్ చేస్తూ వీధుల్లో తిరగడం మన బస్తీలకు ఎంతో ఇష్టం. నడిచేవారు కూడా రోడ్డు వాడేవారే. ముందు ఒక సేవాదార్, వెనుక ఒక సేవాదార్ టార్చి లైటుతో నడవాలి. వారిద్దరూ రేడియం పట్టీలున్న జాకెట్ వేసుకోవాలి. పిల్లలను రోడ్డు అంచు వైపు కాకుండా లోపలి వైపు నడిపించండి. ఈ సంవత్సరం దస్వంధ్ నుంచి కొంత తీసి, మీ గురుద్వారా తరఫున బస్తీలోని ప్రతి ట్రాలీకి, ప్రతి బైకుకు రేడియం స్టిక్కర్లు అంటించండి. చుట్టుపక్కల హిందూ, ముస్లిం ఇళ్ల బండ్లకూ అంటించండి. అందరి మేలు కోరే మన అర్దాస్‌ను ఆ స్టిక్కర్లు రోడ్డు మీద అందరికీ చూపిస్తాయి.

ఇంట్లో చర్చకు ప్రశ్నలు

1. సరసా వాగు దాటిన రాత్రి గురు పరివారం ఎలా విడిపోయింది? మీ మాటల్లో చెప్పండి.

2. నబీ ఖాన్, గనీ ఖాన్ ఎవరు? వాళ్ల నుంచి మనం ఏమి నేర్చుకోవాలి?

3. హుకమ్‌ను ఒప్పుకోవడానికి, అజాగ్రత్తకు తేడా ఏమిటి? మీ ఇంటి నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

4. గాయపడినవారికి సాయం చేసేవారిని కాపాడే చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది? ఏ నంబర్లకు ఫోన్ చేయాలి?

5. 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక సెకనులో ఎన్ని మీటర్లు పోతుందో పిల్లలు లెక్క కట్టండి. (జవాబు: దాదాపు 11.)

పిల్లలకు ఒక పని: ఈ ఆదివారం దీవాన్‌కు బయలుదేరే ముందు నాన్నతో కలిసి బండి వెనుక నిలబడండి. వెనుక లైటు, ఇండికేటర్లు, బ్రేకు లైటు వెలుగుతున్నాయో లేదో చూసి నాన్నకు చెప్పండి. వెలగని లైటును బాగుచేయించాకే బయలుదేరాలని పట్టుబట్టండి.

వాహెగురు మీ కిరత్‌లో బర్కత్ ఇవ్వాలి. మీ బండి చక్రాలకు, మీ చేతులకు, మీ చూపుకు తోడుండాలి. దారిలో కలిసే ప్రతి మనిషిలో ఆయన వెలుగును చూసే కళ్లు మనకు ఇవ్వాలి. పోహ్ చలిలో దారి మీద ఉన్న అందరూ ఇంటికి క్షేమంగా చేరాలి.

భుల్ చుక్ మాఫ్.

వాహెగురు జీ కా ఖాల్సా, వాహెగురు జీ కీ ఫతహ్!